ఓడమ్మ కూసిన రోజు

కినుయే అక్క గురించి నా ముందు ఎవరైనా ఒక్క మాట తేలిగ్గా అన్నారా, ఇక వాళ్ళ పని అయిపోయినట్టే. నాకు నోరెక్కువని మా ఇసోజిమా దీవంతా అంటుంది. అననీ. ఆ నోట్లోకి ఇవాళ నాలుగు మెతుకులు వెళ్తున్నాయంటే అది ఆమె చలవే. నేను, నా కూతురు సుజూ, దాని పిల్లలు, అందరమూ ఆమె పెట్టిన భిక్షతో బతుకుతున్నవాళ్ళమే.

ఆమె సంగతి చెప్పాలంటే ముందు ఆ దిక్కుమాలిన స్టీమరు సంగతి చెప్పాలి. హయానామి మారు అని పేరు; మా ఓడల పేర్లన్నిటికీ చివర 'మారు' ఉంటుంది. కొయ్య ఓడ, చిన్న ఆవిరి యంత్రం, ఒంటికి మించిన పొగగొట్టం. మా దీవికీ అవతలి ఒడ్డున ఒనోమిచి పట్నానికీ మధ్య మనుషుల్నీ, నారింజ బుట్టల్నీ, అప్పుడప్పుడు ఎడ్లనీ మోసేది. దాన్ని కట్టినవాడు కినుయే మేనమామ. ఓడ కట్టడం పూర్తయ్యాక నడిమి స్తంభం మొదట్లో చిన్న గూడు తొలిచి, అందులో కాగితపు బొమ్మలు, పాచికలు, ఒక ఆడపిల్ల జుట్టు పెట్టి మూసేస్తారు. ఆ గూట్లో కొలువుండే తల్లే ఓడమ్మ. ఓడమ్మ లేని ఓడను రేవు దాటించమంటే ఓడ నడిపే మా సరంగులు ససేమిరా అంటారు. ఆపద రాబోయే ముందు ఆ గూట్లోంచి ఓడమ్మ కీచురాయిలా సన్నగా కూస్తుందనీ, అది చెవిన పడితే మారుమాట లేకుండా ఒడ్డుకు తిప్పాలనీ చిన్నప్పటినుంచీ వింటూ పెరిగాం.

హయానామి గూట్లో పెట్టింది కినుయే జుట్టు. నడుము దాటి నల్లగా నిగనిగలాడేది. ఆ జుట్టున్న ఓడకు తిరుగేముందని ఊరంతా మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు ఓడను నీళ్ళలోకి దింపిన రోజుదాకా నిలిచింది. ఆ రోజు తాడు తెగి ఓడ పక్కకు ఒరిగింది, మేనమామ కాలు విరిగింది. తరవాత పొగమంచులో రాతిగుట్టకు గుద్దుకుంది. ఎద్దు బెదిరి గది చెక్కలు తన్ని విరగ్గొట్టింది. తిరునాళ్ళ రోజున పట్టనంత జనాన్ని కుక్కి బయల్దేరదీస్తే, బాణసంచా చూడ్డానికి అందరూ ఒకే పక్కకు ఎగబడ్డారు. ఒక ముసలి జంట నీళ్ళలో పడి చనిపోయింది. యజమాని ఓడకు కోయో మారు అని కొత్త పేరు పెట్టించాడు. పేరు కొత్తదైంది గానీ ఆవిరి గొట్టం పాతదే కదా, అది పగిలి బొగ్గేసే మొసుకె చెయ్యి కాల్చింది.

అంతమందిని ఎక్కించిన యజమానిని ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. "ఆ జుట్టు మంచిది కాదర్రా," అన్నారు, అంతే.

కినుయే మొదట్లో నవ్వేసేది. "ఎద్దు తన్నినా నాదేనా తప్పు? దాని తోకకు కూడా నా జుట్టే కట్టారా ఏం?" అని రేవులో అందరి ముందూ అనేది. ముసలి జంట పోయాక మాత్రం ఆ వేళాకోళం ఆగిపోయింది. కుదిరిన సంబంధం వెనక్కి పోయింది. ఆమె రేవులో మూటలు మోసుకుని బతికేది. కొందరు ఆ మూటలు కూడా ఆమె చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. అయినా రోజూ అదే రేవుకు వచ్చేది, అదే ఓడ తాడు అందుకుని కట్టేది. నేనైతే ఆ ఓడకు నిప్పెట్టి ఉండేదాన్ని.

నాకు నొప్పులు మొదలైంది ఆ రోజుల్లోనే. మగవాళ్ళంతా చేపల వేటకు దూరం వెళ్ళారు, నా మొగుడు తమకిచి కూడా. తెల్లారేసరికి మంత్రసాని షిమో మొహం మాడిపోయింది.

"ఒసే ఫుసా, బిడ్డ అడ్డం తిరిగిందే. నా చేతిలో లేదు. డాక్టరు దగ్గరికి పోకపోతే ఇద్దరూ దక్కరు," అంది.

దీవిలో డాక్టరు లేడు. తెడ్డు పడవలో ఎదురు పోటుకు ఎప్పటికి చేరతాం? రేవులో ఆవిరి మీద ఉన్నది కోయో మారు ఒక్కటే. గొట్టం బాగుచేసి ఆ పొద్దున బాయిలరు వెలిగించి చూస్తున్నారు. షిమో నన్ను తలుపు చెక్కమీద వేయించి రేవుకు మోయించింది. మోసినవాళ్ళలో కినుయే ఒకతి.

సరంగు కజిహారా రెండు చేతులూ అడ్డం పెట్టాడు. చెడ్డవాడు కాదు, భయస్తుడు.

"ఎలా తియ్యమంటావమ్మా? నిన్ననే గూడు తెరిచి అంతా తీసేశాం. కొత్త పిల్ల జుట్టు ఇంకా ఒనోమిచి నుంచి రాలేదు. ఓడమ్మ లేని ఓడ, ఆపైన పురిటి మనిషి! చూస్తూ చూస్తూ ఎవడు బయల్దేరతాడు?"

"అయితే నా జుట్టే మళ్ళీ పెట్టండి," అంది కినుయే. "ఇప్పుడే కోసిస్తా."

"ఆ జుట్టే కదే ఇన్నాళ్ళూ మా కొంపలు ముంచింది!"

"కొంపలు ముంచిందేమో గానీ, ఓడను ముంచలేదు కదా సరంగు గారూ?"

నొప్పితో మెలికలు తిరుగుతున్నాను గానీ, ఆ మాటకు నాకు నవ్వొచ్చింది.

"పోనీ జుట్టొద్దు," అంది కినుయే. "నేనే వచ్చి ఆ స్తంభం కింద కూర్చుంటా. జుట్టుకే అంత మహిమ ఉంటే మనిషికి ఉండదా? ఓడ మునిగితే దాంతోపాటే పోతా, మీకు పీడ విరగడవుతుంది. ఈ పిల్లను మాత్రం ఇలా రేవులో చంపకండి."

అప్పుడు నేను పెట్టిన కేక ఇప్పటికీ రేవు ముసలాళ్ళు చెప్పుకుంటారు. కజిహారా టోపీ తీసి తల గోక్కుని, "ఎక్కించండి," అన్నాడు.

కినుయే నా చెంప నిమిరి, "భయపడకు ఫుసా, నీ కిందే ఉంటా," అని నిచ్చెన దిగి అడుగు గదిలోకి వెళ్ళిపోయింది. యంత్రం పక్కనుంచి మొసుకె అడగడం వినబడింది.

"మరి కూస్తావా అక్కా?"

"అవసరమైతే కూస్తాలేరా. నువ్వు బొగ్గు వెయ్యి."

దీవి వెనకబడ్డాక యంత్రం చప్పుడుకు నా కేకలు నాకే వినబడలేదు. షిమో నా చెయ్యి పట్టుకుని నాకు తెలిసిన దేవుళ్ళనూ తెలియని దేవుళ్ళనూ పిలుస్తోంది. సగం దారి దాటామో లేదో, మొసుకె పార కింద పారేసి పైకి పరిగెత్తుకొచ్చాడు.

"సరంగూ! ఓడమ్మ కూసింది! స్తంభం కిందనుంచి కీచుకీచుమని, నా చెవులతో విన్నా!"

గూడు ఖాళీగా ఉందన్న సంగతి ఆ క్షణాన ఒక్కరికీ గుర్తు రాలేదు. కజిహారా ఎందుకని అడగలేదు, దిగి చూడలేదు. చుక్కాని చక్రం గిర్రున తిప్పి, కనబడుతున్న ఉప్పుమళ్ళ ఒడ్డుకేసి ఓడను తోలాడు. కాసేపటికి నేల నా వీపు కిందనుంచి ఒక్క తోపు తోసింది, షిమో తెచ్చిన గిన్నెలన్నీ దొర్లిపోయాయి, ఓడ ఇసకలో కూరుకుపోయి ఆగింది.

అప్పుడు నిచ్చెనెక్కి వచ్చింది కినుయే, రొమ్ముదాకా తడిసి ముద్దయి.

"ఎంత అరిచినా ఒక్కడికీ వినబడదేంటర్రా! స్తంభం పక్క పలక విచ్చుకుంది. నీళ్ళు నీళ్ళని గొంతు చించుకున్నా!"

"అరిచింది నువ్వా?" అన్నాడు మొసుకె నోరు తెరిచి.

"నేను కాక ఎవరున్నారురా అక్కడ? నా గొంతు సన్నం, నన్నేం చెయ్యమంటావు?"

కజిహారా తరవాత ఎన్నోసార్లు మా ఇంటికొచ్చి ఒప్పుకున్నాడు. కినుయే అరుస్తోందని చెప్పి ఉంటే తను కిందికి దిగి, చూసి, ఆమెను నాలుగు తిట్టి, ఆ తరవాత తిప్పేవాడట. అప్పటికి ఒడ్డు అందేది కాదు. మొసుకె పొరపాటు పడ్డాడు కాబట్టి బతికాం. వాడికి ఏటా మా ఇంటి నారింజలు పంపుతూనే ఉన్నాను.

ఉప్పుమళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు మోకాలిలోతు నీళ్ళలోకి పరిగెత్తుకొచ్చి నన్ను మోసుకుపోయారు. వాళ్ళ ఊరి డాక్టరు చెమటలు కక్కుతూ సైకిలు మీద వచ్చాడు. ఉప్పు పాకలో, చాపమీద, ఆయన బిడ్డను సరిచేసి బయటికి తీశాడు. ఆడపిల్ల. మొదట ఏడవలేదు. ఆ తరవాత ఏడ్చింది చూడండి, నా నోరే వచ్చిందని అక్కడే తేలిపోయింది. ఆ ఊరి పేరు తలచుకున్నప్పుడల్లా నేను అటు తిరిగి దండం పెట్టుకుంటాను.

కోయో మారు మళ్ళీ తేలలేదు. ఆటుపోట్లకు నడుము విరిగి ఆ ఇసకలోనే ముక్కలైంది. కినుయే ఆ తరవాత చాలా ఏళ్ళు బతికింది. రేవులో చిలగడదుంపలు ఉడకబెట్టి అమ్మింది, మొసుకెతో పోట్లాడింది, నిద్రలోనే హాయిగా పోయింది. ఓడ కట్టేవాళ్ళు జుట్టిమ్మని ఎన్నిసార్లు వచ్చినా, "నా జుట్టు నాకు చలికాలం టోపీ, పొండి," అని తరిమేసింది. ఇవన్నీ బాగానే గుర్తున్నాయి. కానీ ఆమె అనగానే నా కళ్ళముందు నిలిచేది మాత్రం ఆ ఉప్పు పాక.

బిడ్డ ఏడుపు విని సరంగు గుమ్మం దగ్గరికి వచ్చాడు. అతని వెనక, గోడకు ఆనుకుని, తడిబట్టలతో వణుకుతూ కినుయే.

"ఎంతమంది పోయారు?" అని అడిగింది.

"ఎవరూ పోలేదు," అన్నాడు కజిహారా.

"నిజం చెప్పండి."

"ఒట్టు. ఒక్కరూ పోలేదు. ఒకరు ఎక్కువే అయ్యారు."

ఆమె ఉన్నచోటే కూలబడి భోరుమని ఏడ్చింది. ఊరంతా దుమ్మెత్తి పోసినప్పుడు కూడా ఆమె కంట తడి చూసినవాళ్ళు లేరు. ఏం చెప్పి ఓదార్చాలో తెలియలేదు, నాకు ఓదార్చడం ఎప్పుడూ రాదు. బిడ్డను ఆమె వైపు చాచాను.

కినుయే చేతులు వెనక్కి లాక్కుంది. మా దీవిలో పసిపిల్లను ఆమె చేతికి ఇచ్చినవాళ్ళు లేరు, ఆమె అడగడమూ మానేసింది.

"నాకా? వద్దమ్మా, వద్దు. నా చెయ్యి..."

"పట్టుకో అక్కా!" అని కసిరాను. "నాకు చేతులు లాగేస్తున్నాయి. నువ్వు కాకపోతే దీన్ని ఎవరు పట్టుకుంటారు?"

పట్టుకుంది. బిడ్డ ఏడుపు ఆపి ఆమె తడి బట్ట అంచు నోట్లో పెట్టుకోబోయింది. కినుయే దాని నుదుటిమీద పడ్డ తన కన్నీళ్ళు తుడుస్తూ, "చూడు ఫుసా, నన్ను చూసి ఏడవట్లేదు," అంది.