‘నందుర్బార్’ అనలేని సంవత్సరం

మొన్న ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, మా పక్క ఫ్లాట్లో అద్దెకుంటూ కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటున్న తెలుగమ్మాయి మా వంటింట్లోకి వచ్చి, స్టూలు మీద కూర్చుని చాలాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి ఫోనులో రెండు ఫొటోలు తీసి చూపించింది. రెండూ తన ముక్కువే. ఒకటి ఆపరేషనుకు ముందు, ఒకటి తర్వాత. ఏడాది కిందట చేయించుకుందట, అనుకున్నట్టు రాలేదట, కొన ఒక పక్కకు లాగేసినట్టు కనిపిస్తోందట, మళ్ళీ చేయించుకోవాలా వద్దా చెప్పండి ఆంటీ అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంకెవరినైనా అడిగి ఉంటే ఆ పిల్ల ఒక ఉపన్యాసం వినాల్సి వచ్చేది. నేను మాత్రం పొయ్యి కట్టేసి ఫక్కున నవ్వేశాను. పాపం, బిత్తరపోయింది. అప్పుడు దాని వేలు పట్టుకుని నా ముక్కు మధ్య ఉన్న చిన్న బుడిపెను తడిమించి, ఇది రెండు ఆపరేషన్లు చూసిన ముక్కమ్మా అన్నాను. ఆ మధ్యాహ్నం దానికి చెప్పిన సంగతులే ఇప్పుడు రాస్తున్నాను. ఫోను లేని స్టేషన్లో బండి కోసం చెవులు రిక్కించి నిలబడ్డ మన వయసు వాళ్ళకు ఇవి ఇంకొంచెం బాగా అర్థమవుతాయని నా నమ్మకం.

మా నాన్నగారు వరంగల్ వైపు నుంచి రైల్వే గార్డుగా గుజరాత్‌లోని ఈ ఉధ్నా వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. రెండో తరగతిలో ఉండగా నేను రైల్వే కాలనీ ఇనుప గేటెక్కి ఊగుతూ ముఖం బోర్లా పడ్డాను. అమ్మ పసుపు అద్దింది, నాన్నగారు బజారు నుంచి బర్ఫీ తెచ్చి ఏడుపు మాన్పించారు. ఎముక విరిగిందన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అతుక్కున్నాక ముక్కు మధ్యలో ఎత్తుగా లేచి కొన కిందికి వంగింది. ఇక బళ్ళో గుజరాతీ పిల్లలు నన్ను ‘పోపట్’ అనడం మొదలుపెట్టారు. పోపట్ అంటే చిలక. వాళ్ళలో దుర్మార్గం ఏమీ లేదు, నాతో కలిసి చింతకాయలు తిన్న పిల్లలే, కానీ ఆ పేరు కాలేజీ దాకా నా వెంట వచ్చింది.

ఆ తర్వాత ఉధ్నా స్టేషన్లో రైల్వే ఉద్యోగం దొరికింది, అందులోనూ అనౌన్సరుగా. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం చివర చిన్న గది, బల్ల, మైకు, ఒక మంచినీళ్ళ గ్లాసు. నా ముఖం ఎవరికీ కనిపించదు, గొంతు మాత్రం ఊరందరికీ వినిపిస్తుంది. నాకింతకంటే ఏం కావాలి? నవసారి, వల్సాడ్, నందుర్బార్, భుసావల్ అంటూ మూడు భాషల్లో చెబుతుంటే ఆ పేర్లన్నీ నా సొంత ఆస్తిలా అనిపించేవి. ఒక్క తడబాటు లేకుండా ఒకే ఊపిరిలో ఎన్ని స్టేషన్లు చెప్పగలనో నాలో నేనే పందెం వేసుకునేదాన్ని. గాలి ఇటు వీస్తే నా గొంతు మా క్వార్టర్ బాల్కనీ దాకా వచ్చేది. తెనాలి వైపు నుంచి వచ్చి మాతోనే ఉంటున్న మా అత్తగారు అక్కడ చిక్కుడుకాయలు ఒలుస్తూ, కింద కూరగాయల బండివాణ్ణి ఆపి మరీ, అది మా కోడలు అని చెప్పేవారు. తెనాలి తెలుగులోకి కూరలవాళ్ళ దగ్గర నేర్చిన గుజరాతీ కలిపి ఆవిడ మాట్లాడే భాష ఆవిడ ఒక్కరిదే.

ముప్పై నాలుగేళ్ళు వచ్చేదాకా బాగానే గడిచింది. మా తమ్ముడి పెళ్ళి వీడియోలో ఉంది చిక్కంతా. అంతమంది చుట్టాల మధ్య కూర్చుని టీవీలో చూస్తుండగా, తలంబ్రాల పళ్ళెం పట్టుకుని పక్కకు తిరిగిన నా ముఖం తెర నిండా వచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. నాకే, ఇరవై ఏళ్ళ కిందటి పిల్లలందరూ ఒక్కసారిగా పోపట్ అని అరిచినట్టనిపించింది. మూడు నెలలు తిరక్కుండా, మా ఆయన వద్దంటున్నా వినకుండా, ఊళ్ళో కొత్తగా పెట్టిన ఒక చిన్న ఆసుపత్రిలో ఆ ఎత్తును చెక్కించేసుకున్నాను. కట్టు విప్పిన రోజు అద్దంలో తిన్నని ముక్కు కనిపించింది. ఆ సంతోషంలో స్టూడియోకి వెళ్ళి పక్కకు తిరిగి ఫొటో దిగాను. ముఖం ఎదురుగా పెట్టమని ఫొటోగ్రాఫరు ఎంత చెప్పినా వినలేదు.

వాపు తగ్గే కొద్దీ అసలు సంగతి బయటపడింది. లోపల దారి ఇరుకైపోయింది. గాలి పీల్చినప్పుడల్లా ముక్కు రెండు పక్కలూ లోపలికి అంటుకుపోయేవి. నోరు తెరుచుకునే నిద్ర, పొద్దున లేచేసరికి నాలుక పిడచకట్టుకుపోవడం, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వీటన్నిటినీ ఓర్చుకుందును. కానీ డ్యూటీలో చేరిన మొదటి రోజున మైకు ముందు కూర్చుని గర్వంగా స్విచ్చి నొక్కి, ‘దవసారి, దందుర్బార్’ అన్నాను. మళ్ళీ అన్నాను, మళ్ళీ అలాగే వచ్చింది. బయట టీ అమ్మేవాడు కెటిల్ కింద పెట్టి నవ్వడం తలుపు సందులోంచి కనిపించింది. ఇంటికెళ్తే మా అత్తగారు, “ఏమ్మా, ఇవాళ నీకు డ్యూటీ లేదా? ఎవరో జలుబు చేసిన పిల్ల చెబుతోందే!” అన్నారు. నేను స్నానాలగదిలోకి వెళ్ళి కొళాయి తిప్పి ఏడ్చాను. మా స్టేషను పెద్దాయన పది రోజులు ఓపిక పట్టి, పదకొండో రోజున నా ముఖం చూడలేక ఫైలు వైపు చూస్తూ, గొంతు బాగుపడేదాకా విచారణ కిటికీలో కూర్చోమన్నారు.

ఆ కిటికీలో కూర్చోవడం నాకు శిక్షలాగే తోచింది. మొదటి వారంలోనే ఒక మధ్యాహ్నం, ధోవతి కట్టుకున్న ఒక పెద్దాయన భార్యాపిల్లలతో సహా కిటికీకి అడ్డంగా నిలబడి, వచ్చీరాని హిందీలో గట్టిగా అరుస్తూ కాజీపేట బండి ఎప్పుడని అడిగాడు. నేను తెలుగులోనే జవాబు చెప్పేసరికి ఆయన ముఖం వెలిగిపోయింది.

“మన దిక్కేనా బిడ్డా? జర ఇటు మొకం పెట్టి చెప్పు. మేం సాంచాల కాడ పనిచేసేటోళ్లం. చెవులు ఎన్నడో పోయినయి. మూతి జూస్తెనే సమజ్ అయితది” అన్నాడు.

మరమగ్గాలను వాళ్ళు సాంచాలంటారు. ఆ మోతలో ఇరవై, ముప్పై ఏళ్ళు నిలబడ్డవాళ్ళు ఒకరి పెదవులొకరు చూసి మాట్లాడుకుంటారని నాకు అప్పటిదాకా తెలియదు, ఉధ్నాలోనే పుట్టినట్టు పెరిగి కూడా. మరి మైకులో చెప్పేది ఎన్నడైనా తెలిసేదా అని అడిగాను, లోపల కొంచెం ఆశతోనే.

“యాడ తెలుస్తది? ఎవరో ఒర్రుతున్నరని ఎర్క. ఏం ఒర్రుతున్నరో ఎర్క లేదు” అని హాయిగా నవ్వాడు.

ఒర్రడమంటే అరవడం. పదకొండేళ్ళ నా గర్వం ఆ ఒక్క మాటతో కూలింది. అయినా నాకు నవ్వొచ్చింది. నా మాట జలుబు చేసినట్టుంది కదా, అర్థమవుతోందా అన్నాను. “నీ గొంతుకేమైంది? నాకేం ఎర్క! నీ మూతి మంచిగ సమజ్ అయితంది” అన్నాడు. ఆపరేషన్ తర్వాత నా మాటకు వంక పెట్టని మొట్టమొదటి మనిషి ఆయనే.

ఊరికి వెళ్ళి తిరిగొచ్చిన మర్నాడు ఎనిమిదిమందిని వెంటబెట్టుకొచ్చాడు. ఆ తర్వాత లెక్కే లేదు. వరుసలో నిలబడమంటే నిలబడేవాళ్ళు కాదు, అందరికీ నా ముఖం కనిపించాలి కదా. నేను ఒక పలక కొని, బండి పేరూ వేళా ప్లాట్‌ఫారమూ తెలుగులో సుద్దతో రాసి అద్దం వెనక నిలబెట్టాను. చదువు రాని ఆడవాళ్ళు కూడా, తెలుగక్షరం కనిపించిందని దాని ముందు నిలబడి ఒకసారి నవ్వి వెళ్ళేవారు. ఎవరో పచ్చిజొన్నకంకులు తెచ్చేవారు, ఎవరో పుట్టిన పిల్లను తెచ్చి కిటికీలోంచి చూపించేవారు. నా ముఖం ఎవరికీ కనిపించకూడదని గది వెతుక్కున్న నేను, పొద్దస్తమానం వందల కళ్ళ ముందు కూర్చున్నాను. ఆ కళ్ళలో ఒక్కటీ నా ముక్కు వైపు చూడలేదు, అన్నీ నా పెదవుల మీదే.

ఏడాది గడిచాక మా అత్తగారు పట్టుబట్టి ఊరి పాత పేటలో ఉన్న ఒక పెద్ద వయసు గుజరాతీ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ నన్ను ఒక్క మాటా అడక్కముందే మా అత్తగారు, “ఏనే శ్వాస్ జోయియే బెన్, నాక్ నహీ” అనేశారు. దీనికి ఊపిరి కావాలి, ముక్కు కాదు అని! డాక్టరమ్మ నవ్వుతూ ఒక సన్నటి పుల్లతో నా ముక్కు లోపలి గోడను కాస్త ఎత్తి పట్టుకుని, ఇప్పుడు పీల్చు అంది. చల్లగా, ధారగా గాలి లోపలికి దూసుకొచ్చింది. నేను అలాగే పుల్ల ముక్కులో ఉండగానే ‘నందుర్బార్’ అన్నాను. న, న లాగే వచ్చింది. మా అత్తగారు ఆసుపత్రి అని కూడా చూడకుండా చప్పట్లు కొట్టారు.

కానీ డాక్టరమ్మ దాపరికం లేని మనిషి. చెవి వెనక నుంచి కొంచెం మెత్తటి ఎముక తీసి లోపల ఆసరాగా పెడతాను, ఊపిరి చాలావరకు బాగుపడుతుందని నా నమ్మకం, రూపానికి మాత్రం నేను పూచీ కాదు, ఎత్తు కొంత మళ్ళీ రావచ్చు, రెండోసారి కోత మొదటిసారంత తేలికా కాదు, నెల రోజులు ఆలోచించుకుని రా అంది. ఇక్కడ మీతో నిజం చెప్పాలి. నేను వద్దనుకున్నాను. ఊపిరాడకపోయినా ఆ తిన్నని ముక్కంటే నాకు అంత మోజు. మా ఆయన కూడా, ఒకసారి చూశాంగా, ఇంకో ప్రయోగం వద్దన్నారు. నా పిచ్చికి ఆయన భయం అండగా దొరికింది.

ఆ నెలలోనే ఒకరోజు సాయంత్రం మా సాంచాల పెద్దాయన కుటుంబమంతా మూటలతో ఊరికి బయలుదేరారు. నేను చెప్పిన ప్లాట్‌ఫారం ఆఖరి నిమిషంలో మారింది. మైకులో చెప్పారు, వాళ్ళకు వినిపిస్తేగా! కిటికీలోంచి చూస్తే పట్టాలకు అవతల అందరూ ముంబయి పోయే బండెక్కేస్తున్నారు. నేను కిటికీ వదిలి వంతెన వైపు పరుగెత్తాను. సగం మెట్లకే ఊపిరి ఆగిపోయింది. కటకటాలు పట్టుకుని అరవబోతే గొంతులోంచి గాలి కూడా రాలేదు. పెద్దాయన ఆఖరి మూట అందిస్తూ ఎందుకో తలెత్తాడు. నేను చెయ్యి ఊపి, శబ్దం లేకుండా పెదవులు మాత్రం కదిపాను: ఆ బండి కాదు, దిగండి. అంత దూరం నుంచి ఆయన చదివేశాడు. మూటలూ మనుషులూ గబగబా కిందికి దిగడం, బండి కదిలిపోవడం ఒక్కసారే జరిగాయి.

వాళ్ళు వంతెన దాటి వచ్చేసరికి నేను మెట్టు మీద కూలబడి ఉన్నాను. నీళ్ళు తాగించి, నా కథంతా పెదవుల మీద చదివి, ఆయన పక్క మెట్టు మీద కూర్చుని అన్నాడు: “నాకు చెవుల్లేవు, నీకు ఊపిరి లేదు. నా చెవులైతె ఇగ రావు బిడ్డా. నీదన్న బాగు చేపిచ్చుకోరాదు?”

వెళ్ళే ముందు నా తల మీద చెయ్యి పెట్టి, అసలు బండి ఎక్కాడు. మర్నాడే నేను డాక్టరమ్మకు సరేనని చెప్పాను.

కట్టు విప్పి, లోపలి పట్టీలు తీసిన రోజు ఆటోలో ఇంటికి వస్తుంటే, ఉధ్నా దగ్గర ఖాడీ దాటుతున్నాం. రంగుల మిల్లుల నీళ్ళన్నీ కలిసే ఆ మురికి కాలువ దగ్గర జనమంతా ముక్కులు మూసుకుంటారు. నేను మాత్రం గుండెల నిండా పీల్చి, ఏమండీ, కంపు కొడుతోంది అని కేక పెట్టి మా ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చి నవ్వాను. ఆటోవాడు మా ఇద్దరినీ అద్దంలో అదోలా చూశాడు. ముక్కు మీద బుడిపె నిజంగానే కొంచెం తిరిగొచ్చింది. అద్దం ముందు నిలబడి దాన్ని చూసుకుంటే బాధ కలగలేదనను. రెండు మూడు నెలలు పట్టింది, ఆ తర్వాత మరిచిపోయాను. మా ఆయన మాత్రం మొదటి రోజే, హమ్మయ్య, పెళ్ళి చేసుకున్న మనిషి తిరిగొచ్చింది అన్నారు.

మైకు ముందుకు తిరిగి వెళ్ళినప్పుడు మా స్టేషను పెద్దాయన్ని బతిమాలి, పొద్దుట మైకు, మధ్యాహ్నం కిటికీ అని ఒప్పందం చేసుకున్నాను. అలా ఇంకో ఆరేళ్ళు గడిచాక, నా సాంచాల పెద్దాయన చేతుల్లో సత్తువ తగ్గి శాశ్వతంగా ఊరికి వెళ్ళిపోతూ, ఒక కోరిక కోరాడు. నేను ఒర్రే గది చూడాలట. తీసుకెళ్ళి ఎదురుగా కూర్చోబెట్టి, ఆయన ఎక్కబోయే బండినే చెప్పాను, నందుర్బార్, భుసావల్ మీదుగా అని, మెల్లగా. ఆయన నా పెదవుల మీంచి కళ్ళు తిప్పలేదు. చివరి మాట అయ్యాక, “గిదా బిడ్డా నువ్వు ఒర్రేది! ఎంత మంచిగ చెప్తున్నవ్” అన్నాడు. నా గొంతును చాలామంది మెచ్చుకున్నారు. ఆ మెప్పుల్లో అదొక్కటే నాకు గుర్తుంది.

ఇప్పుడు స్టేషన్లో ఆడగొంతు ఒకటి యంత్రంలోంచి వస్తుంది. ఒక్క అక్షరం తప్పదు, మధ్యలో ఊపిరి తీసుకోదు. బండి ఎక్కడుందో అందరి అరచేతిలోనూ కనిపిస్తుంది, మంచిదే, ఇక ఎవరూ తప్పు బండి ఎక్కరు. సాయంత్రాలు నడకకు వెళ్ళి ఒకటో నంబరు మీద కాసేపు కూర్చుంటాను. నా చుట్టూ వందలమంది, అందరూ తలలు వంచుకుని ఫోనుల్లో చూసుకుంటూ ఉంటారు. బండి ఎప్పుడో తెలియని మనిషి ఒక్కరైనా వచ్చి నా ముఖంలోకి చూసి అడిగితే బాగుండుననిపిస్తుంది. నాకు ఇప్పటికీ వేళలన్నీ కంఠతా వచ్చు.