సెకండాఫ్ లేని సినిమా

ఇంగ్లీషు సినిమా తెలుగు మాట్లాడుకుంటూ అమలాపురం రావడమే మాకు గొప్పగా ఉండే వయసు అది. నేను పత్రికలో కొత్తగా చేరిన విలేకరిని. రాసిన వార్తలకంటే చెప్పలేక మింగేసిన మాటలే ఎక్కువ. వాటిలో ముఖ్యమైనది మా ఆఫీసులో కంపోజింగ్ చేసే, పక్కూరు ఉప్పలగుప్తం అమ్మాయికి చెప్పాల్సినది. ఆమెకు విశాఖలో ఉద్యోగం వచ్చింది, సోమవారం ప్రయాణం. సరిగ్గా ఆ వారమే, ఆఫీసువాళ్లమంతా కలిసి చూసిన ఒక సినిమాకు రెండో భాగం వచ్చింది. "ఆదివారం మ్యాట్నీకి వెళ్దామా అండీ?" అని అడిగితే, "ఆయ్, పిన్నిని కూడా తీసుకొస్తానండి" అంది. పిన్నిగారు వచ్చి, సరిగ్గా మా ఇద్దరి మధ్య కూర్చున్నారు.

కథ ప్రపంచం సగం నాశనమైపోయాక జరిగేది. పెద్ద గోడ వెనకాల ఓ నగరం, కుర్రకారు అందరికీ నుదుటి మీద ముద్రలు, నీళ్లు గ్లాసుతో కొలిచి పోసే దుర్మార్గపు పాలకుడు. హాలంతా ఊపిరి బిగబట్టి చూస్తుంటే పిన్నిగారు నావైపు వంగి, "కాలవలు కట్టేసుంటారు బాబూ. జూన్‌లో వదుల్తార్లే" అని ధైర్యం చెప్పారు. (వేసవిలో మరమ్మతులకు కాలవలు కట్టడం మా వైపు ఏటా ఉన్నదే, ఆవిడకు అంతకు మించిన ప్రళయం తెలియదు.) వెనక వరసలోంచి ఎవరో "ఆయ్, అంతేనండి" అన్నారు.

నా ఆశంతా ఇంటర్వెల్ మీదే. పిన్నిగారు సోడాకి లేస్తారు, నేను చెప్పేస్తాను. భటులు హీరోయిన్‌ను కోటలోకి ఈడ్చుకెళ్లి తలుపు మూశారు, లైట్లు వెలిగాయి. "గొంతెండిపోయింది, సోడా తాగొస్తాను" అంటూ పిన్నిగారు లేవనే లేచారు. అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "మీరు కూర్చోండి పిన్నిగారూ, నేను తెస్తాను కదండీ!" (మా గోదావరి మర్యాద ఎన్ని కొంపలు ముంచిందో.) సరే, సెకండాఫ్ అయ్యాక గేటు దగ్గర చెబుదామనుకుంటూ మూడు సోడాలతో తిరిగొచ్చాను. జనమంతా పల్లీల పొట్లాలతో వచ్చి మళ్లీ కూర్చున్నారు. ఎంతకీ బొమ్మ పడదు. ఈలలు మొదలయ్యాక ఆపరేటర్ తలుపు సందులోంచి తొంగిచూశాడు.

"అయిపోయిందండి బాబూ! గంటన్నర సినిమా, ఇంటర్వెల్ ఇవ్వలేదండి."

"ఆ పిల్లింకా లోపలే ఉంది కదయ్యా, ఎలా అయిపోద్ది?" పిన్నిగారు గద్దించారు.

"మూడో భాగంలో బయటికొస్తాదంటండి."

"మరి ముందే చెప్పొద్దా? లేవే అమ్మడూ, బస్సెళ్లిపోద్ది."

ఉప్పలగుప్తం అమ్మాయి సగం తాగిన సోడా నా చేతికిచ్చి, పిన్నిగారి భుజం మీదుగా అంది: "మూడో భాగం వచ్చినప్పుడు కబురు చెయ్యండి. వస్తాను." నేను "ఆయ్" అన్నాను. ఇన్నేళ్లూ వార్తలు రాసి బతికినవాణ్ని, ఆ ఒక్క పూట నాకు దొరికిన మాట అదే.

మూడో భాగం అమలాపురం రాలేదు, కబురు చేసే పనీ పడలేదు. చాలాకాలం ఆఫీసుకు చుట్టుదారిన, హాలు ముందు పోస్టరు చూసుకుంటూ వెళ్లేవాణ్ని. మొన్న ఆ మూడో భాగం ఫోనులో కనిపించింది, తెలుగులోనే. పెట్టుకున్నాను. కోట తలుపు తెరుచుకోబోతుంటే ఆపేసి, లేచి వెళ్లి మంచినీళ్లు తాగాను.

"అయిపోయిందా అండీ?" వంటింట్లోంచి మా ఆవిడ అడిగింది.

"లేదు, ఇంటర్వెల్" అన్నాను.