గుడ్డు పార్టీ, ప్లస్ పార్టీ

ఈ రోజు ఇక్కడ గల్ఫ్‌లో, ముసఫ్ఫాలో మా బండ్ల వర్క్‌షాపు ముందు రెండు అమెరికా బండ్లు పక్కపక్కనే ఆగాయి. ఒకదాని ముందు గుడ్డు ఆకారంలో కంపెనీ ముద్ర, ఇంకోదానికి ప్లస్ గుర్తు లాంటి ముద్ర. నాన్న దుబాయ్‌లో ఉండగా పెరిగిన దోస్తులారా, గుర్తొచ్చిందా?

మన నాన్నలు ఎవరిదో బండి మీద చెయ్యేసి దిగిన ఫొటోలు పంపేవాళ్లు. మా ఇంట్లో టీవీ మీద గుడ్డు బండి ఫొటో, నాతో చదివిన గంగాధర్ ఇంట్లో ప్లస్ బండి ఫొటో. ఆ ముద్రల కోసం బడిలో రెండు పార్టీలుగా విడిపోయి చొక్కాలు చింపుకున్నాం.

ఇప్పుడు నాలాగే గల్ఫ్‌కొచ్చి అల్ ఐన్‌లో ఉన్న గంగాధర్ ఇప్పటికీ వదలడు. బయటి దేశాల్లో తయారై వచ్చే బండ్ల మీద అమెరికా పన్నేయగానే ఫోన్ చేశాడు.

"ఇగ మా ప్లస్ బండ్లకు తిరుగు లేదు."

"మీయి శానా పక్క దేశంలనే తయారైతయి. పన్ను ముందుగాల మీకే వడ్తది," అన్నాను.

ఈ రోజు ఆ రెండు బండ్లు కనబడగానే, వాడికి ఫొటో పంపుదామని సంబరంగా గుడ్డు బండి బానెట్ మీద చెయ్యేశాను. ఎండకు చుర్రుమంది. ప్లస్ బండి మాత్రం వర్క్‌షాపు నీడలో చల్లగా ఉంది. దాని మీదే చెయ్యేసి ఫొటో దిగి పంపాను. వెంటనే వాడు ఫోన్ చేశాడు.

"పార్టీ మార్చినవేందిరా?"

"బండి నీడల ఉన్నదిరా."

"మా బాపు ఫొటోల గూడ బండి నీడలనే ఉంటది," అన్నాడు.

ఫోన్‌లో దాచుకున్న మా నాన్న ఫొటో తీసి చూశాను. అందులో గుడ్డు బండి కూడా నీడలోనే ఉంది.

మీ ఇంటి ఫొటో కూడా ఓసారి చూడండి, మన నాన్నలది ఏ పార్టీయో తెలుస్తుంది.