ఆరో బొమ్మ

నేను మాటల మనిషిని. ఇప్పటికీ అంతే, ఆ రోజుల్లో మరీను. చేతిలో ఒక డబ్బా కెమెరా, ఇంటి దూలం నుంచి వేపచెట్టుకు కట్టిన రేడియో తీగ, నెలకోసారి మోటారెక్కి పట్నం పోయివచ్చే అలవాటు. ఈ మూడూ ఉన్నవాడు ఇబ్రహీంపట్నంలో మరొకడు లేడు కాబట్టి నాకు తెలియనిది లేదని నేనే తేల్చేసుకున్నాను. మా బాపు మాత్రం వచ్చినవాళ్ళందరితో, "గీనికి మా పొలం గట్టు ఏడున్నదో తెల్వది గని, బస్రల పొద్దెప్పుడు పొడుస్తదో తెలుసు" అనేవాడు.

నా మాటలు ఓపిగ్గా వినేవాడు ఒక్కడే ఉండేవాడు, పట్నం మోటారు నడిపే డ్రైవరు. మా పక్క వాడకట్టు సాయబుల ఇంటివాడు. నాకంటే పదేళ్ళు పెద్ద. నేను భాయ్ అనేవాణ్ణి, అతను నన్ను పటేలా అనేవాడు. యుద్ధంతో పెట్రోలు దొరక్కుండా పోయి, ఆ మోటారు వెనక నిలువెత్తు ఇనుప పీపా ఒకటి బిగించారు. అందులో బొగ్గులు పోసి, రాజేసి, గాలి మర తిప్పి తిప్పి, ఆ బొగ్గుల నుంచి వచ్చే గ్యాసుతోనే బండి నడపాలి. రాజుకోవడానికి అరగంట, వాన పడితే గంట. ఎక్కినవాళ్ళు దిగి, మూటల మీద కూచుని బండినీ డ్రైవర్నీ కలిపి తిట్టేవాళ్ళు. మేమిద్దరం మాత్రం ఆ అరగంట కోసమే పొద్దున లేచేవాళ్ళం.

"పటేలా, గీ బండి శేరిగూడ దాటంగనే దగ్గుతది. ఎందుకంటవ్?"

"గాలి ఎక్కువైతుంది భాయ్. మూత జర దించు."

నాకేం తెలుసు, నా బొంద! ఎన్నడైనా చక్రం పట్టానా? అయినా చెప్పేవాణ్ణి. అతను దించేవాడు. మర్నాడు వచ్చి, "నువ్వు చెప్పినట్లనే చేసిన. నడిమిట్ల మొత్తానికే ఆగింది. అందరం దిగి నూకినం" అని పొట్ట పట్టుకొని నవ్వేవాడు. నా రేడియో కూడా అంతే. బఠాణీ గింజంత రాయి మీద సూది ఆనించి, చెవికి డిప్ప పెట్టుకొని వినాలి. ఒక రోజు అతని చెవికి పెట్టి, "పట్నంల పాడుతున్నరు, వినబడ్తుందా?" అంటే, చాలాసేపు విని, "చీమలు కొట్లాడుతున్నయ్" అన్నాడు. నేను అలిగి రెండు రోజులు మోటారు అడ్డాకు పోలేదు. మూడో రోజు అతనే ఇంటికి వచ్చి పిలుచుకు పోయాడు.

అతనికి ఒక తమ్ముడు. అన్న దగ్గరే బండి నేర్చుకొని, ఫౌజులో చేరి, సముద్రం అవతల బస్రాలో లారీలు తోలుతున్నాడు. నెలకో రెణ్ణెల్లకో ఉర్దూలో ఉత్తరం వచ్చేది. భాయ్‌కి అక్షరం రాదు. నేను చదివిందంతా ఉర్దూ బడిలోనే కాబట్టి చదవడం నేనే, జవాబు రాయడం నేనే. బొగ్గులు రాజుకునేలోపు ఆ పని అయిపోయేది. తమ్ముడు అక్కడి ఇసుక గురించీ, లారీ టైర్ల గురించీ, దొరల చేతుల్లోని అగ్గిపెట్టెంత కెమెరాల గురించీ రాసేవాడు. అంత చిన్న కెమెరా ఉండదని నేను కాగితంతో వాదించేవాణ్ణి. ఒకసారి చివర్న ఇలా రాశాడు: "అమ్మ ఫోటో ఒకటి తీసి పంపమని పటేల్ అన్నకు చెప్పు. ఇక్కడ అందరి జేబుల్లో ఎవరిదో ఒకరిది ఉంది. నా జేబులోనే లేదు."

వాళ్ళమ్మ ఫోటో అంటేనే ఒప్పుకోని మనిషి. పాపమని ఆమె నమ్మకం. వాకిట్లో నన్ను కెమెరాతో చూస్తేనే కొంగు ముఖం మీదికి లాక్కునేది. భాయ్ భయం భయంగా సంగతి చెప్పాడు. ఆమె చేస్తున్న పని ఆపి, "వాడు అడిగిండా? వాడే అడిగిండా?" అని రెండుసార్లు అడిగి, లోపలికి పోయి ఉతికిన చీర కట్టుకొని వచ్చింది. ఎండ బాగా ఉంది. నులక మంచం గోడ వారకు జరిపాం. ఆమె రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని బిగుసుకొని కూచుంది.

"బేటా, నవ్వాల్నా, వద్దా?"

"నీ ఇష్టం అమ్మా."

"వాడు గిందులకెల్లి నన్ను సూస్తడా?"

"అవ్, సూస్తడు."

అప్పుడు నవ్వింది. మీట నొక్కాను. కెమెరా వెనక చిన్న ఎర్ర కిటికీలో అంకె ఆరు. తిప్పి ఏడు మీద పెట్టాను.

ఇక్కడే నా తెలివి మొదలైంది. ఫిల్ము చుట్టకు బొమ్మలు ఎనిమిది. ఆరయ్యాయి, రెండున్నాయి. యుద్ధం రోజులు, ఫిల్ము దొరకడమే గగనం, రెండు బొమ్మలు పారేసుకుంటానా? నెత్తి మీదుగా అప్పుడప్పుడూ విమానాలు పోతుండేవి. ఆ రెండూ విమానాలకని దాచాను. రోజూ కెమెరా మెళ్ళో వేసుకొని ఆకాశం చూస్తూ తిరిగాను. నేను కెమెరా తీసేలోపు విమానం మంచాల ఊరు దాటేది!

"పటేలా, రోజు పట్నం పోతనే ఉన్న గద," అన్నాడు భాయ్ ఒకరోజు. "గా ఫిల్ము నాకియ్యి. స్టూడియోల ఇస్త, కడిగిస్తరు."

"వాళ్ళు ఫిల్ముకు గీతలు పెడ్తరు భాయ్. నా చేతులు లేవా? ఇన్ని చుట్టలు ఎవరు కడిగిండ్రు?"

అతను మళ్ళీ అడగలేదు. అడిగి ఉండాల్సింది. నన్ను నాలుగు తన్ని లాక్కుపోయి ఉండాల్సింది.

వాళ్ళమ్మకు జ్వరం వచ్చింది. పది రోజులు. దవాఖానకు తీసుకుపోయే రోజు బొగ్గులు తొందరగానే రాజుకున్నాయి, బండి ఎక్కడా ఆగలేదు. అయినా నాలుగో రోజు అదే బండిలో ఆమెను తిరిగి తెచ్చారు. తమ్ముడికి ఉత్తరం నేనే రాశాను. జవాబు రావడానికి చాలా రోజులు పట్టింది. ఎప్పుడూ రెండు వైపులా నింపేవాడు ఈసారి మూడే మూడు వాక్యాలు రాశాడు. "మట్టి వేయడానికి రాలేకపోయాను. ఆ ఫోటో పంపండి. అది ఒక్కటే ఇంక."

ఆ మధ్యాహ్నమే కడగడానికి కూచున్నాను. మా గింజల కొట్లో కిటికీకి గోనెసంచి, తలుపు సందులకు గొంగడి, మూలకు ఎర్ర అద్దం వేసిన లాంతరు. భాయ్ స్నానం చేసి, తల దువ్వుకొని, నమాజుకు పోయేవాడిలా వచ్చి గోడకు ఆనుకొని కూచున్నాడు. నా నోరు ఊరుకుంటుందా! "ఎర్ర వెలుతురు ఫిల్ముకు కానరాదు భాయ్, గందుకే గీ లాంతరు" అని మొదలుపెట్టి, మందు పళ్ళెంలో ఫిల్మును రెండు కొసలూ పట్టుకొని కిందికీ పైకీ ఆడిస్తూ పాఠం చెబుతూనే ఉన్నాను.

మామూలుగా అయితే ఒక్కో బొమ్మలో తెల్లగా ఉన్నవి ముందు నల్లమచ్చల్లా తేలతాయి, తర్వాత తక్కినవి. ఈసారి ఫిల్ము మొత్తం ఒక్కసారే మసకబారింది. బొమ్మ పడని అంచులు కూడా.

భాయ్ ముందుకు వంగాడు. "వస్తుంది, వస్తుంది! గది అమ్మ కొంగేనా పటేలా?"

"జర ఆగు భాయ్."

"గటు పక్క నల్లగైతుంది, గది మంచమా?"

చేతులు ఆడిస్తూనే ఉన్నాను. ఆపితే ఏమవుతుందో తెలియదు, ఆడిస్తే ఏమవుతుందో కళ్ళ ముందే కనిపిస్తోంది. మొత్తం నల్లబడింది. ఎవరైనా ఆపగలిగితే బాగుండునని ఆ గదిలో నాకు ఏడుపొచ్చింది. బయటికి తెచ్చి ఎండలో పట్టుకుంటే రొట్టె కాల్చే పెంకు అడుగులా ఉంది, ఈ కొస నుంచి ఆ కొస దాకా.

ఫిల్ము డబ్బాలో వచ్చిన కాగితం అప్పుడు వెతికాను. రేడియో రాయి కదలకుండా దాని కింద మడిచి పెట్టింది నేనే. అంతా ఇంగ్లీషు. కూడబలుక్కొని చదివాను. ఇది కొత్త రకం ఫిల్మట, ఎరుపు కూడా దీనికి కానవస్తుందట, కటిక చీకట్లోనే కడగాలట. కొన్ననాడు దుకాణం ఆయన, ఎప్పటి సరుకు లేదు, ఇది వేరే అని ఏదో చెప్పబోయాడు. నేను ఆయనకు లెన్సుల గురించి చెబుతున్నాను.

"పోనియ్ పటేలా," అన్నాడు భాయ్. "బండి గూడ రోజు రాజుకుంటదా?"

అన్నాడు కానీ నవ్వలేదు. నేను తప్పు చెప్పినా చేసినా అతను నవ్వకపోవడం అదే మొదలు.

రెండు రోజులకు కాగితం, కలం తెమ్మన్నాడు. "పంపినమని రాయి. సముద్రంల ఎన్ని జహాజులు మునుగుతలేవు? ఫోటో గూడ గట్లనే పోయిందనుకుంటడు. నీ మీద కోపం పెట్టుకోవద్దు వాడు." వద్దనాల్సింది. నాకు ఆ మాట ఎంత హాయిగా వినిపించిందో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గేస్తుంది. అందమైన దస్తూరీతో రాశాను: "అమ్మ ఫోటో పంపాము. చాలా బాగా వచ్చింది." ఆ రెండో వాక్యం భాయ్ చెప్పింది కాదు, నాదే.

యుద్ధం అయిపోయాక తమ్ముడు వచ్చాడు. అన్న బండిలోంచే దిగాడు. ఎండిపోయి ఉన్నాడు, ఖాకీ చొక్కా భుజాల మీద వేలాడుతోంది. ఇంటికి కూడా పోకుండా అడ్డాలో నిలబడ్డ నా దగ్గరికి నేరుగా వచ్చి చేతులు పట్టుకున్నాడు. సంచిలోంచి నల్ల కాగితం చుట్టిన పొట్లం ఒకటి తీశాడు.

"అన్నా, ఫోటో నాకు ముట్టలే. పోతె పోయింది, ఫికర్ లేదు. అసలుది నీ దగ్గరనే ఉంటది గద, దాంతోని ఎన్నంటె అన్ని తియ్యొచ్చంట! ఫోటోల పనిచేసే దోస్తు చెప్పిండు. ఫోటో కాయిదం గూడ ఆడికెల్లే తెచ్చిన."

భాయ్ బండి వెనక బొగ్గులు కెలుకుతున్నాడు. ఇటు తిరగలేదు.

ఎలుకలు కొట్టాయని చెప్పొచ్చు. చెదలు పట్టాయని చెప్పొచ్చు. నాలుక చివరిదాకా వచ్చాయి. కానీ అతను పట్టుకున్న చేతులు ఇంకా వదల్లేదు. విడిపించుకొని ఇంటికి పోయి, ట్రంకులో అడుగున దాచిన ఆ నల్ల ఫిల్ము తెచ్చి అతని చేతిలో పెట్టాను. అతను దాన్ని సూర్యుడికి ఎత్తి పట్టుకొని, కళ్ళు చిట్లించి, ఈ కొస నుంచి ఆ కొస దాకా మెల్లగా జరుపుతూ చూశాడు.

"ఏది మా అమ్మ?"

లెక్కపెట్టి ఆరో చోట వేలు పెట్టాను. అక్కడే ఆపి చాలాసేపు చూశాడు.

"నవ్విందా?"

"నవ్వింది. నువ్వు సూస్తవన్నంక నవ్వింది."

ఆ ఒక్క ముక్క కోసిమ్మన్నాడు. పక్క దుకాణంలో కత్తెర అడిగి కోసిచ్చాను. దాన్ని చొక్కా జేబులో పెట్టుకొని గుండీ వేసుకున్నాడు. అప్పటిదాకా అతని గొంతులో కోపం లేదు, అప్పుడూ లేదు.

"పాడైందని ఆనాడే రాయకపోతివి అన్నా," అన్నాడు. "జహాజు ఆలస్యమైందేమో అనుకున్న. ఉత్తరాల డాక్ వచ్చిన దినమల్ల పోయి అడిగిన. మొన్న ఆడికెల్లి బయలెల్లే పొద్దున గూడ అడిగొచ్చిన."