మా ఆయన పుట్టికి తెరచాప కట్టిండు

జర్మనీ లడాయి నడుస్తున్న రోజులల్ల మా ఆయన బొంబాయికెల్లి వాపసు వచ్చిండు. పోయింది గద్వాల చీరెలమ్మే ఒక షావుకారు దగ్గర గుమాస్తాగ. వచ్చింది మాత్రం జహాజ్ నడిపే కప్తాన్ లెక్క. నెత్తిమీద తెల్లటోపి, నోరు తెరిస్తే సముద్రం. బొంబాయిల ఐతారం నాడు ఓడలు ఆగే బందరుకు పోయి, ఒడ్డుమీద కూసుని పల్లీలు తినుకుంట తెరచాప పడవలను చూసెటోడట. ఎన్నడన్న ఎక్కినవా అని మామ అడిగితే, "ఎక్కుడు వేరు నాయినా, తెలుసుకునుడు వేరు" అన్నడు. మామ లేసి ఎడ్లకు గడ్డి వెయ్యబోయిండు.

మాది కృష్ణ ఒడ్డు ఊరు. ఏటి నడుమ, మా ఊరికి దిగువన, ఒక గడ్డ ఉంటది. చుట్టూ నీళ్లు, నడుమ ఇండ్లు, చేన్లు. మా ఆడబిడ్డను ఆ గడ్డమీదికే ఇచ్చిండ్రు. ఆమెకు బిడ్డ పుడితే తొట్టెల పెట్టుకున్నరు. తొట్టె తీస్కపోవాల్సింది పుట్టినింటోళ్లు. అత్త గద్వాలల వడ్లాయనకు చెప్పి, రంగులేసిన కొయ్యతొట్టె చేపిచ్చింది. అత్తకు మోకాళ్ల నొప్పి, మామకు విత్తనాల పని. అందుకని మా ఇద్దరినే పొమ్మన్నరు.

ప్రయాణం ముందటి రోజు మా ఆయన మామ దోతులు రెండు తెచ్చి నా ఒళ్లె ఏసిండు.

"ఈ రెండు కలిపి కుట్టు."

"ఎందుకు?"

"తెరచాపకు."

"పుట్టికి తెరచాప ఏందండి?"

"జహాజ్‌కైనా పుట్టికైనా గాలి ఒక్కటే. నీకు తెల్వదు, కుట్టు."

కుట్టిన. ఎందుకు కుట్టినవని ఇప్పటి పిల్లలు అడుగుతరు. అప్పట్ల మొగుడు ఎదురుంగ కూసుని పని చెప్తే, చేసుడే కానీ అడుగుడు లేకుండె.

పుట్టి అంటే ఎదురుబద్దలతోని అల్లి, కింద తోలు కప్పిన పెద్ద గంప. ముందు లేదు, ఎనుక లేదు. దాన్ని నడిపే పెద్దమనిషి మా ఊరోడే. మా ఆయన తెరచాప సంగతి చెప్తుంటే, ఈయన నవ్వి పంపిస్తడు, నా ఇజ్జత్ దక్కుతది అనుకున్న. ఆయన శ్రద్ధగ విన్నడు.

"అంటే ఇగ తెడ్డు పనిలేదా పటేలా?"

"లేదు. గాలే తీస్కపోతది."

"అట్లయితే మంచిదే" అని తెడ్డు పక్కకు వెట్టి, పుట్టిల ఒక దిక్కుకు ఒరిగి చుట్ట ముట్టిచ్చుకున్నడు. మా ఆయనకు పిచ్చి ఒక్కటే. ఈయనకు పిచ్చి కూడ లేదు, వట్టి బద్దకం.

లంగరు లేకుంటే జహాజ్ కాదట. అందుకని మా ఆయన అత్త ఇసుర్రాయి పైరాయి ఎత్తుకొచ్చిండు. నడుమ బొక్క ఉంటది, తాడు కట్టనీకె వీలుగుంటదని. అత్త ఇంట్ల జొన్నలు ముందటేసుకొని రాయికోసం ఎతుకుతుంటె, మేము ఒడ్డు ఇడిసినం.

అది ఆషాఢం. గాలి పడమటికెల్లి కొడుతున్నది. మా ఆయన దోతులు కట్టిన ఎదురుబొంగును పుట్టి నడుమ నిలవెట్టి, రెండు చేతులతోని కావలిచ్చుకున్నడు. దోతుల నిండ గాలి వట్టింది. పుట్టి నిజంగనే ఉరికింది. నేను కూడ ఒక్క గడియ, ఏమో ఈయన చెప్పింది నిజమేనేమో అనుకున్న. అంతల అది గిర్రున తిరుగుడు షురూ చేసింది.

ఒకసారి మా ఊరు కండ్ల ముందటికొస్తది, ఒకసారి గడ్డ వస్తది. మా ఆయన "ఎడమ దిక్కు ఒరుగుండ్రి" అంటడు. మేము ఒరిగేసరికి ఆ ఎడమ కుడి అయితది. పుట్టాయన చుట్ట ఆర్పకుండ, "బాగనే పోతున్నం పటేలా" అన్నడు. నా కడుపుల దేవుతుంటే రొట్టెల మూట ఇప్పి, ఒక సద్దరొట్టె కారంతోని తిన్న. తింటె జర నయమైంది.

గడ్డ దగ్గర పడ్డది. రేవుల ఆడబిడ్డ ఇంటోళ్లు, చుట్టాలు, డప్పోళ్లు నిలవడి చేతులు ఊపుతున్నరు. మా ఆయన టోపి తీసి ఊపిండు.

"సూడు, ఎంత మర్యాదనో" అన్నడు నాతోని.

"మర్యాద కాదు. ఆగుమంటుండ్రు."

అప్పుడు చూసిండు. రేవు పక్కకెల్లి పోతున్నది, మేము ఆగుతలేం. ఈయన లంగరు అని రాయి ఎత్తి నీళ్లల్ల ఏసిండు. తాడు సర్రున పోయింది. పుట్టికి కట్టనీకె జాగ దొరకక, రెండో కొస ఆయన తొట్టె కాలుకు కట్టిండని నాకప్పుడు కనవడ్డది. తొట్టె ఎవరో పిలిసినట్టు లేసి, అంచు దాటి, రాయి ఎంబడే మునిగింది. ఎర్రరంగు జరసేపు నీళ్లల్ల కనవడ్డది, అంతే.

"పటేలా, తొట్టె పోయింది" అన్నడు పుట్టాయన, మేము చూడనట్టు.

మా ఆయన బొంగు ఇడిసిపెట్టిండు. దోతులు కూలి మా ముగ్గురి మీద వడ్డయి. ఆ ముసుగుల మేము గడ్డ దాటినం, ఊరంత చూస్తుండంగ.

గడ్డ దాటినంక, జర దిగువకు తుంగ మొలిసిన ఇసుకదిబ్బ ఒకటున్నది. పుట్టి దానికి తగులుకొని ఆగింది. మనిషి జాడ లేదు. అవతలి కొసన మొసలి ఒకటి నోరు తెరుసుకొని ఎండకు పండుకున్నది. మా ఆయన దిగి, నడుముమీద చేతులు వెట్టుకొని నాలుగు దిక్కులు చూసి, "జహాజ్ ఆగనీకె మంచి జాగ" అన్నడు. నేను మొసలిని చూపిచ్చిన. మళ్ల పుట్టి ఎక్కి కూసున్నడు.

అంబటాళ్లు దాటి పొద్దు నెత్తిమీదికొచ్చినంక ఆడబిడ్డ మొగుడు వేరే పుట్టి తీసుకొని వచ్చిండు. మా దిక్కు చూసి, ఏం అడగాల్నో తెల్వక, "అందరు మంచిగున్నరా" అన్నడు.

మేము ఇల్లు చేరేసరికి బువ్వలు అయినయి, డప్పోళ్లు పోయిండ్రు. పసిదాన్ని చాటల పండవెట్టిండ్రు. ఆడబిడ్డ అత్త నా దిక్కు చూస్కుంట, "పుట్టినింటోళ్లు తొట్టె తెస్తరంటే ఇన్నం. తొట్టెను ఏటికిచ్చొస్తరని అనుకోలే" అన్నది. ఆడబిడ్డ తల వంచుకున్నది.

మా ఆయన గొంతు సవరించుకున్నడు. తుఫాను వచ్చిందన్నడు. అలలు తాటిచెట్టంత లేసినయన్నడు. పెండ్లాం కాళ్లు వట్టుకొని ఏడుస్తుంటే, పానాలు దక్కించుకోనీకె బరువు దించాల్నని తొట్టెను కృష్ణమ్మకు సమర్పించిండట. పుట్టాయన మూల కూసుని బువ్వ తినుకుంట, "నిజమే, శాన పెద్ద తుఫాను" అన్నడు.

ముసలోళ్లు ఇద్దరు అయ్యో అన్నరు. ఆడబిడ్డ మాత్రం నన్ను అడిగింది.

"నిజమా వదినా?"

"గాలొచ్చింది. దానికే ఆగమైనం. నేను ఏడ్వలే, రొట్టె తింటుంటి."

ఆడబిడ్డ అత్త ముందుగాల నవ్వింది. తర్వాత అందరు నవ్విండ్రు. ఆడబిడ్డ కొంగు నోట్లె కుక్కుకున్నది, కండ్లల్ల నీళ్లు వచ్చేదాక నవ్వింది. ఆ నవ్వుతోనే తొట్టె మాట ఎనుకవడ్డది. ఇంకో తొట్టె పంపుతమన్న. "ఈసారి బండి మీద పంపుండ్రి" అన్నది ఆమె. గడ్డకు బండి రాదని ఆమెకూ తెలుసు.

మర్నాడు వాపసు ఎదురుదారి. ఏరు మీదికి వస్తున్నది. పుట్టాయన ఒక్కని వల్ల కాక ఇంకో తెడ్డు మా ఆయన చేతికిచ్చిండు. ఆయన నాతోని మాట్లాడుతలేడు. జరసేపు తెడ్డు ఏసి, అరచేతులు బొబ్బలెక్కి, గాలికి ఊదుకుంట కూసున్నడు. నేను తెడ్డు అందుకున్న. ఆయన వద్దనలే. దారంత పుట్టాయన ఒకదిక్కు, నేను ఒకదిక్కు ఏసుకుంట ఒడ్డు ఎంబడి పైకి వచ్చినం. జబ్బలు పీకుతున్నయి కానీ, పుట్టి తిన్నగ పోతుంటే నాకు లోపల సంబురమే అయింది.

మా రేవు కనవడ్డది. మామ నిలవడి ఉన్నడు.

"ఇటియ్యి" అన్నడు మా ఆయన, నిన్నటికెల్లి నాతోని అన్న మొదటి మాట.

ఇచ్చిన. ఆయన టోపి సరిచేసుకొని, బొబ్బల చేతులతోనే పెద్ద పెద్దగ తెడ్డు ఏసిండు. పుట్టాయన అటు తిరిగి దగ్గుకుంటుండు. నేను కొంగు సరిచేసుకొని నడుమ కూసున్న. మామ నీళ్లల్లకు దిగి పుట్టి అంచు వట్టుకొని, "ఏటికి ఎదురు నడిపిండు మావోడు" అని పక్కనున్నోళ్లకు చెప్పుకున్నడు.