వసుంధర పీకేసిన ప్లైవుడ్

వసుంధరని మెచ్చుకునేవాళ్ళు తక్కువ. ఆఫీసులో ఆమె పనే ఇతరుల తప్పులు పట్టుకోవడం. జురాంగ్ ఈస్ట్‌లో ఓ కంపెనీలో బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌కి టెస్టర్. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ మర్చిపోతాయని లోకం భయపడుతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని మా తెలుగువాళ్ళు సగంమంది సింగపూర్‌లో అద్దెలు కట్టుకున్నారు. ఆమె భర్త కృష్ణప్రసాద్ ప్రోగ్రామర్. అంటే తప్పులు చేసేవాడు, పట్టుకునేది ఒకే ఇంట్లో ఉండేవాళ్ళన్నమాట.

బుకిట్ బటోక్‌లో వాళ్ళ ఫ్లాట్ కింది అంతస్తులోనే నేనుండేవాణ్ణి. ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి కేబుళ్ళు లాగే పనికొచ్చిన నాకు ఆదివారం భోజనం ఆ ఇంట్లోనే. కాబట్టి ఇది చూసి రాస్తున్నదే.

ఆ ఏడు మామగారు సాంబమూర్తి భీమవరం నుంచి దిగారు. కొడుక్కి పర్మనెంట్ రెసిడెన్సీ వచ్చేదాకా అఖండదీపం ఆరకూడదని మొక్కుకున్నారు. హాల్లో చోటు లేదు. వంటింటి వెనక బట్టలారేసుకునే యార్డులో దేవుణ్ణి పెట్టారు. యార్డు ఒకవైపు ఊచలతో ఖాళీగా ఉంటుంది, పై అంతస్తు కావడంతో గాలి ఈడ్చి కొడుతుంది. రెండుసార్లు దీపం రెపరెపలాడేసరికి కృష్ణప్రసాద్ ఊచల కంతకి అడ్డంగా ప్లైవుడ్ కొట్టి, అంచులకి టేపు వేశాడు. స్నానాల నీళ్ళు కాగే గ్యాస్ హీటర్ ఆ గోడకే ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

కొద్ది రోజుల్లోనే వసుంధరకి పొద్దున్నే తలనొప్పులు మొదలయ్యాయి. కళ్ళజోడు మార్చింది. డాక్టరు పని ఒత్తిడి అన్నాడు. తనకీ తల తిరుగుతోందంటూనే మామగారు దిష్టి అన్నారు. కూతురు అనన్యకి ఆరేళ్ళు. స్నానం చేయించగానే సోఫాలో వాలిపోయేది.

“స్కూలు ఎగ్గొట్టడానికి వేషాలు,” అన్నాడు కృష్ణప్రసాద్. “నాకెందుకు రావట్లేదు మరి?”

“మీ ప్రోగ్రాం గురించీ ఇదే అంటారు. మీ మెషీన్ మీద బాగానే నడుస్తుందని,” అంది వసుంధర.

అతను అందరికంటే ముందు స్నానం చేసి, టిఫినైనా తినకుండా ట్రైన్‌కి పరిగెత్తేవాడు. ఆ తర్వాత మామగారు, ఆ తర్వాత పాప, చివర ఈమె. హీటర్ అంతసేపూ మండుతూనే ఉండేది.

ఆమెకున్న తిక్క ఏమిటంటే, ఏదైనా చెడితే ముందు ఏం మారిందో అడుగుతుంది. ట్రైన్‌లో కూర్చున్నాక తలనొప్పి తగ్గుతోంది. సెలవునాడు ఇంట్లో ఉంటే సాయంత్రం దాకా వదలట్లేదు. జ్వరం లేదు, జలుబు లేదు, ముగ్గురికీ ఒకేసారి. శనివారం పాపని తీసుకుని బుకిట్ పంజాంగ్‌లో లుబ్నా ఇంటికి వెళ్ళి రాత్రికి అక్కడే ఉండిపోయింది. లుబ్నా ఆఫీసులో పక్క సీటు, హైదరాబాదీ. తెల్లారి ఇద్దరికీ తల తేలిగ్గా ఉంది.

“ఇంట్లో కొత్తగా ఏం పెట్టిన్రు?” అడిగింది లుబ్నా.

“దేవుణ్ణి పెట్టాం. యార్డు మూశాం.”

“హీటర్ అక్కడ్నే కదా?” లుబ్నా చేతిలో పరాటా కింద పెట్టేసింది. “మా ఖాలా ఒకామె, పిన్ని వరస, చలికాలం గదిల బొగ్గుల అంగీఠీ పెట్టుకొని తలుపులేసుకుంది. పొద్దున లేవలే. గాలాడకుంటే మంటలోంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తది. వాసనుండదు, కనబడదు. నువ్విప్పుడే ఇంటికి పో. పాప ఇక్కడ్నే ఉండనీ.”

పాప ఉండనంది. “తాతగారితో ఆడుకుంటా లా,” అని స్కూల్లో పట్టిన సింగపూర్ యాసలో అని చెప్పులేసుకుంది. ఈమె తలుపు తీసేసరికి నేను భోజనానికని వచ్చి హాల్లో కూర్చున్నాను. కృష్ణప్రసాద్ పేపరు చదువుతున్నాడు. మామగారు బాత్రూంలో స్తోత్రం చదువుతూ బకెట్లు గుమ్మరిస్తున్నారు. ఆమె పాపని నాకప్పగించి, “బయట కారిడార్లో నిలబడండి,” అంది. తిన్నగా యార్డులోకి వెళ్ళింది. హీటర్‌కుండే చిన్న గాజు కంతలోంచి నీలంగా కనబడాల్సిన మంట పసుపు రంగులో ఊగుతోంది. పైరేకు మీద మసి. ఆ మసి దీపానిదేనని అందరం అనుకునేవాళ్ళం. గ్యాస్ కట్టేసింది.

“అమ్మాయ్, నీళ్ళు చల్లబడ్డాయి.”

“నేనే ఆపాను మావయ్యగారూ. తువ్వాలు చుట్టుకుని బయటికి రండి.”

“సబ్బు మీదున్నాను.”

“సబ్బుతోనే రండి.”

ఆయన తలుపు తీసి ద్వారబంధం పట్టుకున్నారు. అడుగు పడలేదు. కృష్ణప్రసాద్ వెళ్ళి భుజం పట్టాడు. వసుంధర కిటికీలన్నీ తెరిచి, దేవుడి ముందుకెళ్ళి దీపాన్ని కొండెక్కించింది.

“దీపం,” అన్నారు సాంబమూర్తిగారు. ఆ ఒక్కమాటే.

“అందరం బయటికి పోతున్నాం, మనిషి లేని ఇంట్లో మంటెందుకు మావయ్యగారూ. పదండి.”

ఆసుపత్రిలో తాతకి ఆక్సిజన్ మాస్కు పెట్టారు, మనవరాలిని పరీక్షించారు. ఆయన రక్తంలో ఆ గ్యాసే ఉందని తేలింది. ఇంకొన్నాళ్ళు ఇలాగే పోనిచ్చి ఉంటే ఏదో ఒక రోజు స్నానాల గదిలోనే ప్రాణం పోయేదని అక్కడి డాక్టరమ్మ తేల్చి చెప్పింది. తాతగారు మాస్కు వెనక నుంచి కోడల్నే చూస్తూ పడుకున్నారు.

సాయంత్రం అందరం ఇంటికి చేరాక లైసెన్సున్న గ్యాస్ మనిషి వచ్చాడు. బర్నర్ నిండా దుమ్ము. ఏడాదికోసారి విప్పి శుభ్రం చేయించమన్నాడు, పొగ బయటికి పోయే దారి మూస్తే హీటర్ వాడొద్దన్నాడు. అతను వెళ్ళాక కృష్ణప్రసాద్ తల గోక్కుంటూ, “చెక్కకి రెండు కన్నాలు పెడితే సరిపోతుందేమో,” అన్నాడు.

వసుంధర సుత్తి అందుకుంది. దాని వెనకవైపు మేకుల కింద దూర్చి ప్లైవుడ్ మొత్తం పీకి కిందపడేసింది. గాలికి క్యాలెండరు ఎగిరింది.

“బాగుంది గాలి,” అన్నారు మామగారు. దేవుడి పటాలు ఆయనే హాల్లోకి మోసుకొచ్చి టీవీ మీద సర్దారు.

అక్కడితో ఆగుంటే ఆమె వసుంధర ఎందుకవుతుంది. యార్డులో పూజగది అనేది కృష్ణప్రసాద్ కనిపెట్టిందేమీ కాదట. ఎదుటి బ్లాకు సుధాకరరావుగారింట్లో చూసి వచ్చాడట. ఆయన్ని చూసి ఇంకెందరు యార్డులు మూసుకున్నారో. మర్నాడు ఆఫీసుకి సెలవు పెట్టి చెప్పులేసుకుంది.

“ఆయన వినడు. దేవుడి చోటు కదపనంటాడు,” అన్నాడు భర్త.

“వినేదాకా అక్కడే కూర్చుంటాను.”

సాంబమూర్తిగారు కండువా వేసుకుని గుమ్మంలోకొచ్చారు. “గ్యాస్ సంగతి నువ్వు చెప్పమ్మా. దేవుడి సంగతి నేను చెప్తాను. నాకంటే నిష్ఠగలవాడా వాడు?”

సుధాకరరావుగారు తలుపు తీసి, రండి రండి, కాఫీ పెట్టిస్తానన్నారు. కణతలు నొక్కుకుంటూనే అన్నారు.

“కాఫీ తర్వాత అంకుల్,” అంటూ వసుంధర ఆయన్ని దాటుకుని వంటింట్లోకి నడిచింది. “ముందు హీటర్ కట్టేయనివ్వండి.”