వంతుల బ్లాగుకు మూడు కొటేషన్లు

నా సర్వీసు చివరి సంవత్సరం, జనవరి రెండో వారంలో, పశ్చిమ డెల్టాలోని ఒక ఇరిగేషన్ సబ్ డివిజన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా ఉన్న నాకు ఒక కొత్త పని అప్పగించారు. కాలువ నీటి వంతులను ఇంటర్నెట్టులో పెట్టడం. మొత్తం డెల్టాలో ఆ పని చేసిన మొట్టమొదటి ఉద్యోగిని నేనేనని చాలా పెళ్ళిళ్ళలోనూ, రెండు సన్మాన సభల్లోనూ చెప్పాను. ఇప్పుడు కాగితం మీద పెడుతున్నాను గనుక సవరించుకోవాలి. మొట్టమొదటివాణ్ణో కాదో నాకు తెలియదు, ఎవరినీ వాకబు చేయలేదు. ఆ రెండు సన్మానాల్లో ఒకటి నా రిటైర్మెంటుది. రెండోది వేరొకరికి జరిగింది.

వంతు అంటే ఏమిటో తెలియనివారికి రెండు మాటలు. రెండో పంట దాళ్వా నాటికి గోదావరిలో నీరు తగ్గుతుంది. కాలువ నిండా వదలడానికి చాలదు. అప్పుడు కొన్ని రోజులు ఎగువ తూములు తెరిచి దిగువవి మూస్తాం. తరవాత కొన్ని రోజులు ఎగువవి మూసేసి, నీటిని కాలువ చివరి భూములకు, అంటే శివారుకు తోస్తాం. ఏ తూముకు ఏ తేదీల్లో నీరో చూపే పట్టిక మీద డీఈ, అనగా డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, సంతకం చేస్తారు. దాన్ని లాకుల దగ్గర, అంటే కాలువకు అడ్డంగా గేట్లున్న చోట, బోర్డుకు అంటిస్తాం, కాలువ కాపలా చూసే లస్కర్లు ఊళ్ళలో చెబుతారు. చిక్కల్లా పట్టిక మారినప్పుడే. వాట్సాప్‌లో పంపితే కిందటేటి పట్టిక, మొన్నటి పట్టిక, ఈ ఉదయం పట్టిక అన్నీ కలిసి తిరిగేవి. ఏది చెల్లుతుందో పంపినవాడికే తెలిసేది కాదు.

అప్పటి మా డీఈ ముప్పై అయిదేళ్ళ ఆవిడ, మాట పొదుపు. "ఒకే చోట ఉండాలండి. ఎప్పుడు తెరిచినా అక్కడ ఉన్నదే చెల్లుబాటు. ఒక బ్లాగు పెట్టండి. నిధులు లేవు, ఉచితంగా దొరికేది చూడండి" అన్నారు. అంతే, ఆదేశం అయిపోయింది.

ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో ఏ వస్తువునైనా ఎంచుకోవడానికి నేను నేర్చిన పద్ధతి ఒక్కటే. బల్ల తుడిచే గుడ్డ దగ్గర నుంచి గేటుకు రాసే గ్రీజు దాకా మూడు కొటేషన్లు తెప్పించాలి, వాటిని పక్కపక్కన గళ్ళలో వేసి కంపారిటివ్ స్టేట్‌మెంటు తయారుచేయాలి, తక్కువ రేటు వేసినవాణ్ణి ఎల్-వన్ అని తేల్చి పైకి పంపాలి. ఇందులో మన బుర్ర పెట్టనక్కర్లేదు. అదే దాని గొప్పతనం. కొత్త ఫైలు తెరిచాను. కాంట్రాక్టు మీద పనిచేసే డేటా ఎంట్రీ ఆపరేటరు దుర్గను పిలిచి, ఉచితంగా బ్లాగు ఇచ్చే మూడు సంస్థల పేజీలు ప్రింటు తీయమన్నాను. వాటి పేర్లు ఇక్కడ రాయను. ఫైల్లో ఉన్నట్టే ఒకటి, రెండు, మూడు అంటాను.

గళ్ళు గీశాను. రేటు దగ్గర ఒకటో నంబరుకు సున్నా. రెండో నంబరుకు సున్నా. మూడో నంబరుకూ సున్నాయే.

ముగ్గురూ ఎల్-వన్ అయితే ఏం చేయాలో నిబంధన ఉంది. సమానంగా వచ్చినవారిని పిలిచి రేటు తగ్గించమని అడగాలి. ఆ ప్రకారం మూడు సంస్థలకూ ఈమెయిలు డ్రాఫ్టు రాసి దుర్గకిచ్చాను. ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది.

"ఏంటి సార్, సున్నా మీద తగ్గించమంటారా? అంటే వాళ్ళే మనకి ఎదురివ్వాలాండి?"

"రూలు అమ్మా."

"రూలు సరేనండి. ఇది చూసి వాళ్ళు మనకి ఫోన్ చేసి ఒంట్లో ఎలా ఉందని అడుగుతారేమోనండి."

నవ్వడానికే ఆ ఉత్తరం రాశానని తరవాత అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. నిజంగానే రాశాను, నిజంగానే పంపించాను. ఒక సంస్థ నుంచి జవాబు వచ్చింది: మీ అభిప్రాయం మాకు అమూల్యం, దయచేసి ఈ మెయిలుకు జవాబు ఇవ్వకండి. దాన్ని ప్రింటు తీసి ఫైల్లో కుట్టాను.

ఇక బుర్ర పెట్టక తప్పలేదు. మూడింటిలోనూ ఖాతా తెరిచి చూద్దామని కూర్చున్నాం. పదకొండు రోజులు పట్టింది. మనం అనుకున్న ప్రతి పేరూ ఎవరో ముందే తీసేసుకున్నారు. అలా తీసుకున్న ఒకాయన "హలో" అని ఒక్క ముక్క రాసి ఏళ్ళ తరబడి కనబడకుండా పోయాడు. ఆ పేరు ఆయనదేనట, మనకివ్వరట. మనిషినని రుజువు చేసుకోవడానికి ట్రాఫిక్ లైట్లున్న బొమ్మలన్నీ నొక్కమంది రెండో నంబరు. మా ఊళ్ళో ట్రాఫిక్ లైటే లేదు. దీపస్తంభం కూడా నొక్కితే నేను మనిషిని కాదని తేల్చింది. మూడో నంబరైతే రోజూ పొద్దున్నే మెయిలు: మీ పాఠకులు మీ కోసం ఎదురుచూస్తున్నారు! ఇంకా ఒక్క అక్షరం పెట్టకుండానే నాకు పాఠకులెక్కడివి?

ఒకటో నంబరు పాతది. తెల్ల కాగితంలా ఉంటుంది, దాని మీద అక్షరాలు, అంతే. రెండో నంబరు అందగత్తె. పైన వెడల్పాటి బొమ్మ, దాని కింద ఇంకో బొమ్మ, పేజీ కదిలితే బొమ్మలూ కదులుతాయి. ఉచితం గనుక మధ్యలో వాళ్ళ ప్రకటనలు వేసుకుంటారు. మూడో నంబరులో రాయడం వెన్నలా సాగుతుంది.

పదిహేడు అంశాల మీద సాంకేతిక మదింపు జరిపి రెండో నంబరును సిఫారసు చేశాను. "శాఖ హుందాతనానికి తగిన రూపం" అని నోటులో రాశాను. ఆ పదిహేడు అంశాలూ ఎంపిక అయిపోయాక కూర్చుని రాసినవి. దుర్గ మాత్రం ముందే చెప్పింది: "బొమ్మలు బరువండి సార్. ఊళ్ళల్లో నెమ్మదిగా తెరుచుకుంటాదేమో." నేను ఆఫీసు కంప్యూటరు వైపు చూపించి, "ఇక్కడ టక్కున వస్తోంది కదమ్మా" అన్నాను. డీఈ గారు సంతకం చేశారు. పైన లాకుల మీద సూర్యోదయం బొమ్మ పెట్టించాను. తేదీ మారితే ఎర్ర అక్షరాల్లో వేస్తామని లస్కర్ల చేత ఊరూరా చెప్పించాను.

మొదటి నెలలో వందలమంది చూశారు. పేజీ కింద లెక్క రెండు వందల పన్నెండు చూపించింది. అందులో నేను ఎన్నిసార్లు చూసుకున్నానో అడగకండి. ఒకరోజు కాలువ నీటి పట్టిక కింద బోరు మోటార్ల ప్రకటన పడింది. పై ఆఫీసు నుంచి ఫోను: మీ కాలువలో నీళ్ళు రావని మీరే చెప్పదలుచుకున్నారా? డీఈ గారు నావైపు చూశారు. "ఉచితం కదా మేడం" అన్నాను.

మార్చిలో ఒక లాకు గేటు మరమ్మతుకు వచ్చింది. అందుకని శివారు వంతు అనుకున్న తేదీ కంటే రెండు రోజులు ముందే ఇచ్చేయాల్సి వచ్చింది. పదకొండు గంటలకల్లా ఎర్ర అక్షరాల్లో పెట్టించాను. అప్పటికి వరి పొట్ట మీద ఉంది, అంటే కంకి లోపల తయారవుతున్న దశ. అప్పుడు తడి తప్పితే గింజ తాలు పోతుంది.

అయిదో రోజున సూర్యనారాయణ ఆఫీసుకు వచ్చాడు. శివారులో అయిదెకరాలు కౌలుకు చేసే మనిషి, యాభై ఏళ్ళుంటాయి. ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. ఆ రోజూ గొంతు పెంచలేదు. నా బల్ల ముందు నిలబడి ఫోను తీసి చూపించాడు.

"ఆయ్, మా అమ్మకి కంటి ఆపరేషనండి. రాజమండ్రి తీసుకెళ్ళాలి. వెళ్ళేముందు మధ్యాహ్నం మీ బ్లాగు తెరిచానండి, వంతు ఏమన్నా మారిందేమోనని. గట్టు మీద పావుగంట నిలబడ్డాను."

"తెరుచుకోలేదా?"

"తెరుచుకుందండి. సూర్యుడు వచ్చాడు. తరవాత మీ మొగం వచ్చింది. గుండ్రంగా, చక్కగా ఉందండి. వంతు రాలేదు. ఎర్ర అక్షరాలు లేవు కదా, మారలేదు కాబోలనుకుని వెళ్ళిపోయాను."

అతను తిరిగి వచ్చేసరికి వంతు చివరి రోజు. పొలానికి నీరు తెచ్చే పిల్లకాలువ, అదే బోదె, దాని నోట్లో గుర్రపుడెక్క అడ్డం పడి ఉంది. తేదీ తెలిసి ఉంటే ముందురోజే తీసేసేవాడు. తీసేలోపు కాలువ దిగిపోయింది. రెండెకరాలు తడిశాయి. మూడెకరాలు తడవలేదు.

రెండో నంబరును నేనెందుకు ఎంచుకున్నానో ఇప్పుడు చెప్పక తప్పదు. దాని పేజీలో పైనే, పట్టిక కంటే ముందు, రచయిత ఫోటోకి గుండ్రటి చోటు ఉంది. కింద పేరు, హోదా. ముప్పై నాలుగేళ్ళు ఇంకొకరి సంతకం కింద నోట్లు రాసినవాణ్ణి. ఆ గుండ్రం చూడగానే మిగతా రెండు కొటేషన్లూ నా కంటికి ఆనలేదు. హుందాతనం అంటే అదే.

పక్క గదిలోంచి డీఈ గారు అంతా విన్నారు. బయటికి వచ్చి నన్ను ఒక్క ప్రశ్న అడిగారు: "శివారు గేజి చూశారాండీ?"

మా శాఖలో ఆ ప్రశ్నకు అర్థం ఉంది. కాలువ మొదట్లో ఎంత నీరు వదిలామన్నది నీరు అందినట్టు లెక్క కాదు. చిట్టచివర పాతిన గేజి రాయి మీద అంగుళాలు చూసి, అప్పుడు అందిందని రాయాలి. నా సర్వీసంతా ఆ గేజి రిజిస్టరు రాసినవాణ్ణి నేనే. బ్లాగును మాత్రం ఆఫీసులో, ఫ్యాను కింద, వేగమైన కనెక్షన్ మీద తెరిచి చూసి అందిందని రాసేశాను.

మర్నాడు ఉదయం డీఈ గారు, దుర్గ, నేను శివారుకు వెళ్ళాం. అదే పట్టికను దుర్గ మూడు చోట్లా పెట్టింది. సూర్యనారాయణ ఫోనులోనే, అతను నిలబడే గట్టు మీదే తెరిచాం. రెండో నంబరులో సూర్యుడు, నేను, సగం ప్రకటన, ఆ తరవాత గుండ్రంగా తిరుగుడు. మూడో నంబరులో రెండు వరుసలు కనబడి, చదివేలోపు పెద్ద డబ్బా ఒకటి అడ్డం వచ్చింది: ముందుకు చదవాలంటే ఖాతా తెరవండి.

"వంతు చూసుకోవాలంటే అందులో మెంబరుగా చేరాలాండి?" అన్నాడు సూర్యనారాయణ. దుర్గకు నవ్వొచ్చింది. నాకు ఒళ్ళు మండింది, కానీ ఎవరి మీద మండాలో తెలియలేదు.

ఒకటో నంబరు నొక్కాం. తెల్ల పేజీ, నల్ల అక్షరాలు, తూము పేరు, తేదీ. అతను ఒక్కసారి పైకీ కిందకీ జరిపి చూసి, "ఇందులో మీరు లేరేంటండి?" అన్నాడు. వెటకారమో, నిజంగా అడిగాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను.

ఆ సాయంత్రమే ఒకటో నంబరుకు మారిపోయాం. "శివారు క్షేత్ర పరిశీలన అనంతరం, సాంకేతిక కారణాల వల్ల" అని ఫైల్లో రాశాను. పై ఆఫీసు నుంచి ప్రశంసాపత్రం వచ్చింది, నా పేరు మీద. దుర్గ పేరు అందులో లేదు, చేర్చమని నేను రాయలేదు. సూర్యనారాయణ మూడెకరాలు తాలు పోయాయి. వంతు తప్పితే పరిహారం ఇవ్వడానికి మా దగ్గర నిబంధన లేదు. గేటు మరమ్మతు వల్ల అయితే నాలుగు ముక్కలు రాయవచ్చు, బ్లాగు తెరుచుకోకపోవడం వల్ల అయితే రాయడానికి ఫారంలో కాలమ్ లేదు.

ఉచితంగా దొరికే వాటిలో ఏ బ్లాగు మంచిదని ఇప్పుడు ఎవరైనా అడిగితే, చదివేవాడి ఫోను తీసుకుని, అతను నిలబడే చోటికి వెళ్ళి తెరవమంటాను. రంగులు, బొమ్మలు, ఎవరి పేరు ఎక్కడ ఉండాలి అన్నవి ఆ తరవాత. ధర సున్నా అయినంత మాత్రాన తప్పుకు ఖర్చు ఉండదని అనుకోకూడదు. ఆ ఖర్చు ఎవరి మీద పడుతుందో ఎంచుకునేవాడు ముందే రాసిపెట్టుకోవాలి. మా కంపారిటివ్ స్టేట్‌మెంటులో అందుకు గడి లేదు.